మడ అడవి పాఠం: ఎవరు నరికారో చెప్పని చదువు

పోయిన వారం రాసింది చదివి కొందరు విద్యార్థులు అడిగారు: "సార్, పర్యావరణం గురించి కూడా కులంతోనే మాట్లాడాలా?" మాట్లాడాలి. ఎందుకో ఈ వారం చెబుతాను.

జూలై 26 ప్రపంచ మడ అడవుల దినం. ఆ సందర్భంగా దివిసీమలో ఒక బడి పిల్లలకి వ్యాసరచన పోటీ పెట్టి, జడ్జిగా నన్ను పిలిచారు. పొద్దున్నే మంగళగిరిలో బస్సెక్కి వెళ్ళాను. నలభై దాకా కాగితాలు వచ్చాయి. దాదాపు అన్నింట్లో ఒకటే మాట: పేదలు వంటచెరకు కోసం మడ చెట్లు నరికేస్తున్నారు, వాళ్ళకి అవగాహన లేదు, మనం కల్పించాలి. అది పిల్లల మాట కాదు. ఎవరో బోర్డు మీద రాసిచ్చిన మాట.

ఒక్క కాగితం వేరుగా ఉంది. ఆరో తరగతి యానాది పిల్ల రాసింది. వాళ్ళమ్మ మొలలోతు బురదలో దిగి చేత్తో పీతలు పడుతుందట. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని రాసింది. పొన్న కాయ చెట్టు మీదుండగానే మొలకెత్తి, కిందపడి బురదలో గుచ్చుకుంటుందని రాసింది. చివర్లో ఇలా ఉంది: "చెరువులు వచ్చాక మా అమ్మ చానా దూరం పోతంది."

పక్కనున్న జడ్జిగారు "అంశం దాటింది, తప్పులు కూడా ఉన్నాయి" అని పక్కన పెట్టారు. నేనొక మాట అన్నాను గానీ గట్టిగా అనలేదు. నా చిన్నప్పుడు నా తెలుగుని కూడా ఇలాగే తప్పుల తెలుగన్నారు. ఇప్పుడు డాక్టరేట్ పెట్టుకుని అదే బల్ల దగ్గర కూర్చున్నాను. ఫలితాల కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను. ఈ వ్యాసం ఆ సంతకానికి నేను కట్టుకుంటున్న జరిమానా.

ఇప్పుడు అసలు విషయం. మడ చెట్టు బతకాలంటే పోటుకి నీళ్ళు లోపలికి రావాలి, పాటుకి బయటికి పోవాలి. రొయ్యల చెరువుకి గట్టు వేసి పాయని మూసేస్తే లోపల నిలిచిన నీళ్ళు ఎండి ఉప్పు పేరుకుంటుంది. చెట్టు నిలబడే చస్తుంది. అందుకే చచ్చిన మడ భూముల్ని బతికించేటప్పుడు మొక్క నాటడానికి ముందు చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వుతారు. గొడ్డలి కొమ్మని కొడుతుంది, గట్టు అడవినే చంపుతుంది. మరి పాఠంలో గొడ్డలి ఒక్కటే ఎందుకుంది?

గొడ్డలి పేదవాడిది. గట్టు పెద్దకులపోడిది, పెట్టుబడిది.

1996 డిసెంబర్ 11న జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలిలో రొయ్యల చెరువులు కుదరవు, తీసేయండి అంది. సంప్రదాయ పద్ధతి చెరువులకే మినహాయింపు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, ఆ నిషేధాన్ని 1991 నుంచే వర్తించనట్టు సవరించింది. వెనకటి తేదీతో మాఫీ! పుల్లలు తెచ్చుకున్న ఆడమనిషికి ఏ పార్లమెంటైనా వెనకటి తేదీతో మాఫీ ఇచ్చిందా?

"ఆక్వా ఉపాధి ఇచ్చింది కదా" అంటారు. ఇచ్చింది. ఎవరికి కాపలా పని, ఎవరికి లాభం అన్నదే నా ప్రశ్న.

1977 నవంబర్ 19 ఉప్పెన సంగతి దివిసీమలో ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు. వేలమంది పోయారు. మేడ ఉన్నవాడు మేడెక్కాడు, గుడిసెలో ఉన్నవాడు అలకి ఎదురు నిలబడ్డాడు. మడ అడవి అల దూకుడిని తగ్గిస్తుంది. అంటే అది ముందుగా కాపాడేది మేడని కాదు, గుడిసెని. అదే ఏడాది అసైన్డ్ భూములు చేతులు మారకూడదని చట్టం కూడా వచ్చింది. పేదల పట్టా భూమి చెరువుగా మారినచోట ఆ చట్టం ఏమైందో పిల్లలకి ఎవరు చెబుతారు?

మన చదువు మడి కట్టుకుంది. మడ బురద అంటితే మైలపడుతుందని దానికి భయం.

మాస్టార్లకీ, ఉద్యమ మిత్రులకీ మూడు మాటలు. ఒకటి, డ్రాయింగ్ పోటీలు ఆపి పిల్లల్ని పాయ దగ్గరికి తీసుకెళ్ళండి. పాఠం పీతలు పట్టే తల్లితో చెప్పించండి. నాకిచ్చిన శాలువా, గౌరవ వేతనం ఆమెకివ్వండి. రెండు, ఊరి పటం గీయించండి: ఏ చెరువు ఏ సర్వే నంబరులో ఉంది, అంతకుముందు అక్కడేముంది? మూడు, 2006 అటవీ హక్కుల చట్టంలో చేపల మీద, నీటి వనరుల మీద ఆదివాసులకున్న హక్కుని యానాది పిల్లలకి చదివి వినిపించండి. అడవిలో దొంగలు కాదు, హక్కుదారులని వాళ్ళకి తెలియాలి.

ఆ పిల్ల కాగితం నా దగ్గర లేదు. గుర్తున్నంత మేరకి పైన రాశాను. నా దృష్టిలో ఆ రోజు అంశం మీద రాసింది ఆ పిల్ల ఒక్కతే.

వచ్చే ఆదివారం అసైన్డ్ భూముల గురించి.

జై భీమ్.