ముళ్ల మొక్కకు ధర కట్టడం వస్తే.. జీతం అడగడమూ వస్తుంది

చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా కోసమో ఉద్యోగం కోసమో మొక్కుకుని బయటికొచ్చే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకొక ప్రశ్న తడుతుంది. రేపు ఇంటర్వ్యూలో 'ఎంత జీతం ఆశిస్తున్నారు?' అని అడిగితే వీళ్లలో ఎంతమంది తడుముకోకుండా చెప్పగలరు? చాలామంది 'మీ ఇష్టం సార్' అనేస్తారు. తెలివి లేక కాదు, తమ పనికి తాము ధర కట్టడం ఎవరూ నేర్పలేదు. నన్నడిగితే, ఆ పాఠానికి డాబా మీద నాలుగు ట్రేల కాక్టస్ చాలు.

చిలుకూరున్న మొయినాబాద్, పక్కనున్న చేవెళ్ల, శంకర్‌పల్లి ప్రాంతానికి మొక్కల వ్యాపారం కొత్త కాదు. రోడ్ల పక్క నర్సరీలు, పాలీహౌస్‌లలో పూల సాగు చాలాకాలంగా ఉన్నాయి. 2025 జనవరిలో శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరులో ఎక్స్‌పీరియం పార్కు మొదలయ్యాక మొక్కలు చూడ్డానికే వచ్చేవాళ్లూ ఉన్నారు. గచ్చిబౌలి, కోకాపేట ఫ్లాట్లలో ఉండేవాళ్లకు రోజూ నీళ్లు పోసే తీరిక ఉండదు. వాళ్ల బాల్కనీకి కాక్టస్ సరిగ్గా సరిపోతుంది. అందుకే ఇంట్లో పెంచి వాట్సాప్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో అమ్ముదామనుకునే విద్యార్థులకు ఇక్కడ అవకాశం ఉంది. చిక్కంతా ధర దగ్గరే. 'నర్సరీలో 80 అంటున్నారు, నేను 50కి ఇస్తే పోలా?' ఈ ఒక్క మాటతో సగం నష్టం ఖాయమైపోతుంది.

ఎలాగో ఒక ఉదాహరణ చూద్దాం. వంద విత్తనాలు 400 రూపాయలు. ట్రేలు, ఇసుక, కంకర, కంపోస్టు కలిపి 600. చిన్న కుండీలు 400. మందులు, వాన పడకుండా పైన షీటు 300. మొత్తం 1,700. 'వంద విత్తనాలు కదా, మొక్కకు 17 రూపాయలే పడింది' అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. వందలో కొన్ని మొలకెత్తవు. మొలిచినవాటిలో కొన్ని మన వానాకాలపు తేమకు కుళ్లిపోతాయి. చివరికి అమ్మకానికి 40 మిగిలితే, చచ్చిన 60 ఖర్చూ ఆ నలభయ్యే మోయాలి. అంటే మొక్కకు 42 రూపాయల 50 పైసలు.

ఇక మీ సమయం. కాక్టస్ తొందరగా ఎదిగే రకం కాదు. ఏడాదికి గోలీ అంత అవుతుంది. అమ్మే సైజుకు రెండేళ్లు పట్టిందనుకుందాం. వారానికి అరగంట చొప్పున 52 గంటలు. గంటకు 60 రూపాయలు వేసుకున్నా 3,120. మొక్కకు మరో 78. మొత్తం 120 దాటింది. 50కి అమ్మితే ఎవరికి మేలు చేసినట్టు?

అలాగని కొనేవాళ్ల దగ్గరికెళ్లి 'నాకు 120 పడింది, ఇవ్వండి' అంటే ఇవ్వరు. ఇవ్వాల్సిన పనీ లేదు. ఖర్చు లెక్క మనకోసం. ఎంతకు తగ్గకూడదో అది చెబుతుంది. ఎంత వస్తుందో మార్కెట్ చెబుతుంది. రెండూ కలవకపోతే మార్చాల్సింది ధరను కాదు, పని చేసే పద్ధతిని.

అదే ఉదాహరణలో 500 విత్తనాలు వేసి 200 మొక్కలు దక్కాయనుకోండి. సామాను ఖర్చు మొక్కకు దాదాపు అంతే. పని మాత్రం అయిదింతలు కాదు, వారానికి గంట అవుతుందంతే. అప్పుడు కూలి మొక్కకు 31 రూపాయలకు దిగుతుంది. మొత్తం 74 లోపే. ఇప్పుడు 80కి అమ్మొచ్చు. కడియం నర్సరీల ధరలు మనకు అందనంత తక్కువగా ఉండటానికి ఒక ముఖ్య కారణం ఈ పరిమాణమే. అంత చోటు లేకపోతే పిలకలు పెట్టే రకాలు పెంచాలి. మామిలేరియా, ఎకినాప్సిస్‌లలో చాలావాటికి తల్లిమొక్క పక్కనే పిల్లలొస్తాయి. విత్తనం ఖర్చుండదు, సమయమూ కలిసొస్తుంది.

న్యాయమైన ధర అంటే మనకు గిట్టడమే కాదు, కొన్నవాళ్లు మోసపోకపోవడం కూడా. కాక్టస్ మీద ఎండుపువ్వు జిగురుతో అంటించి పూసిన మొక్కంటూ అమ్మేవాళ్లున్నారు. ఎర్రగా, పసుపుగా మెరిసే మూన్ కాక్టస్ పైబంతిలో పత్రహరితం ఉండదు. కింద అంటుకట్టిన పచ్చని కాండమే దాన్ని పోషిస్తుంది. కొన్నేళ్లకు మించి బతకడం అరుదు. ఆ సంగతి చెప్పి అమ్మాలి. నిన్న నాటిన పిలకను వేళ్లూనిన మొక్క ధరకు అంటగట్టకూడదు. నిజం చెప్పి 100 తీసుకున్నవాడి దగ్గరికే మళ్లీ వస్తారు.

'చదువుకునే పిల్లాడివి, డాబా మనది, నీళ్లు మనవి, గంటకు కూలి లెక్కేంట్రా?' అని ఇంట్లో నవ్వొచ్చు. సరదాకి పెంచి నలుగురికీ పంచితే లెక్క అక్కర్లేదు, అదీ మంచి పనే. కానీ అమ్మకానికి పెట్టాక మన గంటలకు విలువ సున్నా అని రాసుకుంటే, ఆ సున్నా అలవాటై కూర్చుంటుంది. ఊరికే పనిచేసే ఇంటర్న్‌షిప్‌కి తలూపేదీ, 'మీ ఇష్టం సార్' అనేదీ ఆ అలవాటే. పైగా మనం 50కి అమ్మితే, దీనిమీదే బతికే పక్క నర్సరీ ఆయన 80 అడగలేడు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టండి. కొన్నవి, చచ్చినవి, పట్టిన గంటలు, అమ్మిన ధర రాయండి. ఏడాది తర్వాత మొక్కలు మిగిలినా మిగలకపోయినా ఆ పుస్తకం మిగులుతుంది. అది చేతిలో ఉన్నవాళ్లు ఇంటర్వ్యూలో జీతం ప్రశ్నకు నేల చూపులు చూడరు. ఒక అంకె చెబుతారు. ఎందుకంత అంటే కారణమూ చెబుతారు.