గుస్సాడీ టోపీని కాస్ప్లే పోటీకి పంపొద్దు

పోస్టు పెద్దగైంది. హాస్టల్లో నలుగురం కూసొని మూడు రాత్రులు రాసినం. సగం చదివి కామెంట్ పెట్టకుండ్రి, చివరిదాకా చదివినంక తిట్టండి.

పోయిన వారం ఈ గ్రూపులో ఒక అన్న పెట్టిన పోస్టు అందరూ చూసే ఉంటారు. హైదరాబాద్‌లో కామిక్ కాన్ జరుగుతది, అందులో కాస్ప్లే పోటీ ఉంటది, మనోళ్లు గుస్సాడీ వేషం కట్టుకొని స్టేజీ ఎక్కితే ఫస్ట్ ప్రైజ్ ఖాయం, మన సంస్కృతి అందరికీ తెలుస్తది అని. కింద చప్పట్ల బొమ్మలు, నిప్పు బొమ్మలు వరుసగా. ఆ అన్న మంచి మనసుతోనే రాసిండు, ఆయన మీద మాకు కోపం లేదు. కానీ మేం ఒప్పుకోం. అదే పోస్టు కింద ఇంకొంతమంది "కాస్ప్లే అంటే పైసలున్నోళ్ల పిల్లల జోకర్ వేషాలు, మనకెందుకు" అని రాసిండ్రు. వాళ్ల మాట కూడా మేం ఒప్పుకోం. ముందు వాళ్లకే జవాబు చెప్తాం, ఎందుకంటే ఆ మాటలు మా రూంమేట్‌ని గుచ్చినయి.

మా రూంమేట్‌ది ఉట్నూరు వైపు గూడెం. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఫోన్లో నరుటో మొత్తం చూసిండు, ఇటాచి అంటే ప్రాణం. పోయినేడు ఇటాచి కోటు తనే కుట్టుకుంటా అన్నడు. మేం నవ్వినం. నల్ల లైనింగ్ గుడ్డ కొన్నడు, ఎర్ర మేఘాలకు వాళ్లమ్మ పాత జాకెట్ గుడ్డ కత్తిరించిండు. మేఘం చుట్టూ తెల్ల అంచు రావాలి గదా, దానికి తెల్ల దారంతో చేతికుట్టు వేసిండు, పదహారు రాత్రులు. మా వీధి చివర టైలర్ మామ రాత్రి షాపు మూసేముందు గంటసేపు మిషన్ ఇచ్చేటోడు. నుదుటి పట్టీకి ఇనుప రేకు కావాలంటే మెస్సులో ఖాళీ నూనె డబ్బా కోసిండు. మొత్తం ఖర్చు 640 రూపాయలు, టికెట్టు, బస్సు కాకుండా.

పోయినంక ఏమైందో వాడు చెప్తుంటే మేం మళ్లీ మళ్లీ చెప్పించుకున్నం. గేటు దగ్గరే రేకు అంచు పదునుగా ఉందని ఆపిండ్రు. కత్తి లాంటిదేదీ లోపలికి పోవద్దని రూలు. వీడు ఏడుపు మొకం పెట్టుకొని పక్కన నిలబడితే, పెద్ద కవచం వేసుకున్న ఒక అక్క వచ్చి, నడుముకున్న సంచి తీసింది. అందులో జిగురు, టేపు, సూది, దారం, పిన్నీసులు, చిన్న కత్తెర. రేకు అంచుకు టేపు చుట్టింది, ఊడిన చేతికుట్టు తనే వేసింది. వేస్తూ మేఘం అంచు చూసి అడిగిందంట: "ఇది నువ్వే కుట్టినవా? ఏ కుట్టు ఇది?" ఏ ఊరు, ఏ కులం, ఏ కాలేజీ అని అడగలేదు. కుట్టు గురించి అడిగింది. హైదరాబాద్ వచ్చిన రెండేళ్లలో తనని ఎవరైనా చేతిపని గురించి అడగడం అదే మొదటిసారి అని వాడు చెప్పినప్పుడు మాలో ఎవ్వరం నవ్వలేదు. ప్రైజ్ రాలేదు, వస్తదని పోలేదు కూడా.

కాబట్టి జోకర్ వేషం అనకండి. ఈ పని కొత్తది కూడా కాదు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సభకు ఫారెస్ట్ అకర్‌మన్, మర్టల్ డగ్లస్ అనే ఇద్దరు రాబోయే కాలపు బట్టలంటూ వేసుకొని పోయిండ్రు. ఆ బట్టలు కుట్టింది డగ్లస్. పేరు ఎక్కువగా ఆయనదే చెప్తరు, కుట్టిన ఆమెది వెనక పడిపోతది, ఇది మనకు తెలియని సంగతేం కాదు. కాస్ప్లే అనే మాట జపాన్‌లో 1980లలో పుట్టింది. 2003 నుంచి అక్కడి నగోయా పట్నంలో ప్రపంచ కాస్ప్లే సభ జరుగుతోంది, దేశదేశాల నుంచి జంటలుగా వచ్చి పోటీ పడతారు.

అనుభవం ఉన్న కాస్ప్లేయర్ల పద్ధతి చూస్తే మనకే ముచ్చటేస్తది. ముందు బొమ్మలు పోగేస్తరు: ముందు నుంచి, వెనక నుంచి, చెయ్యి ఎత్తినప్పుడు బట్ట ఎట్ల మడత పడతది, బూటు మడమ ఎంత ఎత్తు. తర్వాత కాయితం మీద కొలతలు, పనికిరాని గుడ్డతో ఒక ఉత్తుత్తి అంగీ, అది సరిపోయాకే అసలు గుడ్డకు కత్తెర. కవచమంటే ఇనుము కాదు, ఈవీఏ ఫోమ్ అనే షీటు. కత్తితో కోసి, హీట్ గన్‌తో వేడిచేసి వంచి, జిగురుతో అతికించి, రంగు మీద రంగు వేస్తే దూరం నుంచి ఇత్తడి లెక్క కనబడతది. అసలైన పోటీలు చాలావాటిలో స్టేజీ ఎక్కకముందే జడ్జీలు దగ్గరికి పిలిచి కుట్లు తిరగేసి చూస్తరు. తయారు చేస్తున్నప్పుడు తీసిన ఫోటోలు చూపించాలి. ఏది నువ్వు చేసినవ్, ఏది కొన్నవ్ అనేది చెప్పాలి. కొన్నదాన్ని చేసినట్టు చెప్పడం వాళ్లలో పెద్ద తప్పు. అమెరికా పాత పోటీల్లో కొత్తవాళ్లకు, నడిమి వాళ్లకు, ఆరితేరినవాళ్లకు వేరువేరు వరుసలుంటయి. కొత్తవాడు ధైర్యముంటే పై వరుసలో పోటీ పడొచ్చు. ఆరితేరినవాడు మాత్రం కింద వరుసలోకి దిగి పిల్లల ప్రైజ్ ఎత్తుకుపోకూడదు. ఈ ఒక్క రూలు మన కాలేజీల్లో అన్ని పోటీలకూ పెడితే ఎంత బాగుండు అని మేం చాలాసేపు మాట్లాడుకున్నం. ఇంగ్లీష్ మీడియం డిబేట్‌లో నించున్నోళ్లకు తెలుస్తది ఆ బాధ.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాం.

మేం చదివే కాలేజీ పేరు రాయం. ఫెస్ట్‌లో కాస్ట్యూమ్ వాక్ పెట్టిండ్రు. ఒక టీం "ట్రైబల్ థీమ్" అని వచ్చింది. ఆరుగురు. ఒంటికి నల్ల రంగు, నడుముకు ఆకులు, తలకు కోడి ఈకలు, మెడలో ప్లాస్టిక్ పుర్రె, చేతిలో బరిసె. నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ అరుపులు, నడిమిట్ల ఒకణ్ణి కట్టేసి చుట్టూ గంతులు. హాలంతా ఈలలు. ఫస్ట్ ప్రైజ్. మాలో ముగ్గురం ఆ రోజు వాలంటీర్లం, వాళ్లకు నీళ్ల సీసాలు అందించింది మేమే.

మరునాడు పోయి అడిగినం. పద్ధతిగానే అడిగినం. ఆ టీంలో ఒకడు ఫోన్ తీసి చూపించిండు: "బ్రో, మేం రిఫరెన్స్ చూసే చేశాం." చూపించినవి సినిమా స్టిల్స్. ఒక పాత తెలుగు సినిమా పాట, ఒక హిందీ కామెడీ, ఒక కార్టూన్. ఒక సారు కూడా అన్నడు, "స్పోర్టివ్‌గా తీసుకోవాలి బాబూ" అని.

ఆ రిఫరెన్స్ అనే మాట మమ్మల్ని పడుకోనియ్యలేదు. ఎందుకంటే ఒక లెక్కన వాడు నిజమే చెప్పిండు. కాస్ప్లేలో బొమ్మ ఎట్లుంటే వేషం అట్ల ఉండాలి, ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. వాడు బొమ్మకు దగ్గరగానే చేసిండు. ఆ బొమ్మ గీసిందెవరు? మన బొమ్మ మనం గియ్యలేదు. 2020 అక్టోబర్‌లో ఆర్ఆర్ఆర్ టీజర్ వచ్చినప్పుడు భీం తల మీద టోపీ చూసి మనోళ్లు ఎందుకు గొడవ చేసిండ్రో గుర్తుందా? కల్పిత కథ అని సినిమావాళ్లు చెప్పిండ్రు, కాదనం. కానీ రేపు ఎవరైనా కొమురం భీం వేషం కట్టాలంటే వాడి చేతిలో ఉండే బొమ్మ ఏది? 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మనిషిది కాదు, 2022 సినిమాలోనిదే. మన తాతల అసలు ఫోటోలు కావాలంటే హైమన్‌డార్ఫ్ తీసినవి లండన్ యూనివర్సిటీ సంస్థలో భద్రంగా ఉన్నయి. ఆయన ఉన్నది మన మార్లవాయిలో, ఫోటోలున్నది లండన్‌లో. సినిమా స్టిల్ మాత్రం ప్రతి ఫోన్‌లో ఉంది.

ఈ ముడి కాస్ప్లే లోకంలో కూడా పడింది, వాళ్లు మనకంటే ముందు కొట్టుకున్నరు. 2016లో డిస్నీ కంపెనీ మోవానా సినిమా కోసం మావీ అనే పాత్ర డ్రెస్సు అమ్మకానికి పెట్టింది. గోధుమ రంగు చర్మం లెక్క, మీద పచ్చబొట్లు అచ్చేసిన అంగీ. పసిఫిక్ దీవుల జనం "మా చర్మం తొడుక్కునే బట్టనా" అని అడిగిండ్రు, కంపెనీ వెనక్కి తీసుకుంది. 2011లో అమెరికాలో ఒహైయో యూనివర్సిటీ విద్యార్థులు, మనలెక్కటి పిల్లలే, తమ జాతి వేషం వేసుకున్నోళ్ల ఫోటోలు చేతిలో పట్టుకొని పోస్టర్లు దిగిండ్రు, మా సంస్కృతి వేషం కాదు అని. కాస్ప్లేయర్లలో చాలామంది ఇప్పుడు ఒక గీత గీసుకున్నరు: పాత్ర బట్టలు, విగ్గు, ఆయుధం ఎంతైనా చెయ్యి, చర్మం రంగు మాత్రం మార్చకు. అందరూ ఒప్పుకోలేదు, ఇంకా వాదించుకుంటున్నరు. కనీసం వాదన ఉంది. మా కాలేజీలో ఈలలే ఉన్నయి.

ఇంకోటి. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో బోర్డులు పెట్టిండ్రు, వేషం వేసుకున్నంత మాత్రాన మీద చెయ్యి వేసే హక్కు రాదు, ఫోటోకు ముందు అడుగు అని. కేస్లాపూర్ నాగోబా జాతరలో భేటింగ్‌కు తెల్లచీర కట్టి కూసున్న కొత్త కోడళ్ల మొకంలోకి కెమెరాలు దూరుస్తరు గదా, వాళ్లను ఎవరైనా అడిగిండ్రా?

సరే, గుస్సాడీ సంగతి. అన్నా, నువ్వే చెప్పు. ఇటాచి కోటు విప్పేస్తే మా రూంమేట్ మా రూంమేటే. ఆ పాత్రను ఒక మనిషి గీసిండు, అందరినీ ఆడుకోమనే గీసిండు. గుస్సాడీ టోపీ అట్ల ఉంటదా? దీపావళి పండుగకు దండారి బయలెల్లే ముందు దానికి పూజ చెయ్యకుండా ఎవరన్నా ముట్టుకుంటరా? ఒంటికి బూడిద రాసుకొని, దండారి అయ్యేదాకా స్నానం లేకుండా, ఊరి నుంచి ఊరికి నడిచి, కోలబోడి చేసినంకనే విప్పుతరు. అన్ని దినాలు ఆ మనిషిని పేరు పెట్టి పిలిచినా మనం చూసేది దేవుణ్ణే. దాన్ని తీసుకుపోయి వరుసలో స్పైడర్‌మ్యాన్ వెనక, బ్యాట్‌మ్యాన్ ముందు నిలబెడితే జడ్జి ఏం చెయ్యాలె? నెమలి ఈకల కట్టు తిరగేసి చూసి, పదికి ఏడు వెయ్యాలెనా? ఏడు వేస్తే మనం ఇంటికొచ్చి పెద్దలకు ఏం చెప్తం, దేవుడికి మూడు మార్కులు తగ్గినయనా?

"కనకరాజు తాత ఢిల్లీ దాకా తీసుకుపోలేదా" అని మీరు అంటరు, అనాలె కూడా. తీసుకుపోయిండు, 2021లో పద్మశ్రీ వచ్చింది, మార్లవాయి పేరు నిలబడ్డది. కానీ ఆయన గుస్సాడీని గుస్సాడీ పేరుతోనే ఆడిండు, నేర్చినోళ్లతో ఆడించిండు. వేషాల పోటీలో ఒక ఐటెం చెయ్యలేదు.

మేం మడి కట్టుకున్నోళ్లం అనుకోవద్దు. మాలో ఇద్దరం ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి స్వాగతానికి ఎండాకాలంలో, దండారి లేదు ఏమీ లేదు, టోపీ పెట్టుకొని రెండు గంటలు ఎండలో నిలబడ్డం. కారు ఆగలేదు. ఒక్కొక్కరికి బిస్కెట్ ప్యాకెట్, ఫ్రూటీ. ఆ రోజు ఇంటికి పోతే తాత మాట్లాడలేదు, టోపీ మా చేతుల్లోంచి తీసుకొని లోపల పెట్టిండు అంతే. ఈ పోస్టు ఆ రోజు నుంచి మాలో ఉంది.

పోటీకి పోవద్దని మేం అనడం లేదు. పోదాం. నరుటో లెక్క పోదాం, ఐరన్ మ్యాన్ లెక్క పోదాం, గోండు పిల్లగాడు ఐరన్ మ్యాన్ కాకూడదని ఎక్కడ రాసుంది? వాళ్లు ఫోమ్‌ను ఇత్తడిలా కనిపించేటట్టు చేస్తే, మన ఓజులు మైనం, మట్టి, ఇత్తడితో అసలుదే పోస్తరు, 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఉషేగాం పోయి ఒక ఓజు తాత దగ్గర కూసొని ఒక కవచం బిళ్ల పోయించుకుంటే, పని జరుగుతున్నప్పటి ఫోటోలు జడ్జీ ముందు పెడితే, ఆయన పేరు కూడా పక్కన రాస్తే, అది ఎట్లుంటది? మన కథల్లోంచి ఒక పాత్రను మనమే కొత్తగా గీసి కట్టొచ్చా అనే దాని మీద మాత్రం మాలో మాకే పొత్తు కుదరలేదు. ఇద్దరం అవునంటం, ఇద్దరం పెద్దలను అడగకుండా వద్దంటం. మీరేమంటరో రాయండి.

కాలేజీకి ఒక కాయితం రాసినం. ఫెస్ట్‌లో ఒంటి రంగు మార్చే వేషం, బతికున్న ఏ జాతి పేరు మీదనైనా థీమ్ వద్దని, కాస్ట్యూమ్ పోటీలో కొన్నదేదో చేసిందేదో చెప్పాలని, కొత్తవాళ్లకు వేరే వరుస పెట్టాలని. ఇప్పటికి 43 సంతకాలు. ఆ ట్రైబల్ థీమ్ టీంలో ఒకమ్మాయి కూడా వచ్చి సంతకం పెట్టింది, ఏం మాట్లాడలేదు, పెన్ను ఇచ్చి పోయింది. సోమవారం ప్రిన్సిపల్ సార్‌కు ఇస్తాం.

ఆదివారం మధ్యాహ్నం మెస్ అయినంక మా రూంమేట్ 12వ నంబర్ రూంలో కుట్టు నేర్పుతడు. వచ్చేటోళ్లు పాత దుప్పటి ఒకటి, సూది, దారం తెచ్చుకోండి. కత్తెర మాత్రం ఒక్కటే ఉంది.