నీరసపు మందులు – ప్రభుత్వ బాధ్యత

నాంపల్లి మొదలు ఆబిడ్స్ వరకు ఏ మందుల దుకాణమున జూచినను బలమునిచ్చు టానిక్కులు కానవచ్చును. అలసట కూడ అమ్ముడుపోవు సరకైనది.

విశ్రాంతితో తీరక, నెలల తరబడి మనిషిని మంచమునకు కట్టివేయు దీర్ఘకాలిక అలసట వ్యాధి యొకటి కలదు. దానిని సోమరితనమని తలచుట అన్యాయము. దానికి ప్రత్యేకించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఏ మందును ఆమోదించలేదు. ఆంప్లిజెన్ అను మందును 2009లోను, 2013లోను ఋజువులు చాలవని త్రిప్పిపంపినది. అర్జెంటీనా 2016లో దానినే అనుమతించినది.

మన దేశమున 1940 నాటి ఔషధ చట్టము, 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము కలవు. హమ్‌దర్ద్ దవాఖానా వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1959లో, అట్టి మందుల ప్రకటనలు వాక్స్వాతంత్ర్యము క్రిందికి రావని చెప్పుచునే, ఏ వ్యాధినైనను జాబితాకెక్కించుటకు ప్రభుత్వమునకిచ్చిన హద్దులేని అధికారమును కొట్టివేసినది. వ్యాపారమునకును, అధికారమునకును హద్దు వలయునని దీని సారము.

కనుక నీరసము పోగొట్టుదునను ప్రతి సీసా తన ఋజువు చూపవలెను. పరీక్షల ఫలితములు ప్రజలకు తెలియవలెను. ఋజువులేని మందుల ప్రకటనలకు మన సంచికలో చోటీయరాదని కళాశాల కమిటీ వారికి మనవి. రోగి ఆశ వర్తకుని పెట్టుబడి కారాదు.