పదాల వావివరసలు ఎవరు రాయాలి?

మూత్రపిండంలో పోడోసైట్ అనే కణం ఉంటుంది. రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌లో అది భాగం. కిడ్నీ పరిశోధకుణ్ణి నిద్రలేపి అడిగినా ఈ సంగతి చెబుతాడు. దాన్నే కంప్యూటర్ తర్కానికి అందేలా రాయమంటే మాత్రం చేతులెత్తేస్తాడు. తప్పు ఆయనది కాదు, రాయాల్సిన భాషది.

వైద్యరంగంలో ఆంటాలజీ అంటే పదాల జాబితా కాదు, పదాల వావివరసలు. ఏది ఏ రకం, ఏది దేనిలో భాగం, ఏ లక్షణం ఏ అవయవానికి సంబంధించింది అన్నవి అందులో ఉంటాయి. పండ్ల ఈగ, చిట్టెలుక, ఈస్ట్ డేటాబేస్‌ల వాళ్లు కలిసి 1998లో జీన్ ఆంటాలజీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఇలాంటివి ఎక్కువగా ఔల్ అనే భాషలో రాస్తున్నారు. ఆ భాషలో ఒక్క మాట తేడా వస్తే అర్థమే మారిపోతుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పిజ్జాలతో నేర్పేవారు. 'పైన చీజ్ మాత్రమే ఉంటుంది' అని రాస్తే, పైన ఏమీ లేని పిజ్జా కూడా ఆ నిర్వచనానికి సరిపోతుంది! చీజ్ ఉందని విడిగా చెప్పాలి. ముప్పై ఏళ్లు రోగులను చూసిన వైద్యుణ్ణి ఈ మెలికల్లోకి దించడం ఆయన కాలాన్ని వృథా చేయడమే.

ఇక్కడే టెంప్లేట్లు, అంటే ముందే గీసిన నమూనా షీట్లు, అక్కరకొచ్చాయి. పాపులస్ అనే సాధనం నిపుణుడికి తెలిసిన ఎక్సెల్ లాంటి షీటునే ముందు పెట్టింది. కణం పేరు ఒక గడిలో, అది ఏ అవయవంలో భాగమో పక్క గడిలో. గడిలో నింపేదాన్ని ముందే ఖరారైన పదాల్లోంచి ఎంచుకోవచ్చు. కిడ్నీ కణాల ఆంటాలజీని అలాగే కట్టారు. తర్వాత వచ్చిన రోబోట్ అనే సాధనంలో షీటు మొదటి వరుస మనిషికి, రెండో వరుస యంత్రానికి. ఈ నిలువు గడిలో ఉన్నదాన్ని 'ఫలానా దానిలో భాగం' అని చదువుకో, అని రెండో వరుస చెబుతుంది. కింద వంద వరుసలు నింపితే వంద నిర్వచనాలు ఒకే పోతలో వస్తాయి.

షీటుకు దాని ప్రమాదాలూ ఉన్నాయి. మార్చ్1 అనే జన్యువు పేరు కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేసేది. చివరికి జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీయే అలాంటి పేర్లను మార్చింది. ఈ సంగతి 2020లో ప్రకటించారు. అయినా ఇవన్నీ సరిదిద్దుకోగల తప్పులే.

నా బెంగ వేరే. గడి లేని జ్ఞానం గతేమిటి? మన ఆసుపత్రులకు వచ్చేవాళ్లు 'కళ్లు తిరుగుతున్నాయి' అంటారు. గది గిర్రున తిరిగినట్టుంటే ఆ మాటే, కళ్లకు చీకట్లు కమ్మి పడిపోబోయినా ఆ మాటే. వైద్యుడికి మొదటిది చెవి సమస్య కావచ్చు, రెండోది గుండెదో రక్తపోటుదో కావచ్చు. 'ఇల్లు తిరిగినట్టుందా, తూలి పడిపోతారనిపించిందా?' అని అడిగి తేల్చే నర్సుకు ఈ తేడా బాగా తెలుసు. హ్యూమన్ ఫినోటైప్ ఆంటాలజీలో 18,000కు పైగా పదాలున్నాయి, చాలావాటికి మామూలు జనం వాడే ఇంగ్లిష్ మాటలనూ చేర్చారు. అలాంటి పని తెలుగులో చేస్తే, షీటులో 'తెలుగు మాట' అని ఒక్క గడి పెట్టి ఊరుకుంటే చాలదు. ఆ ఒక్క మాట రెండు వరుసల్లోనూ పడుతుంది, ఏది ఏదో చెప్పే చోటు మాత్రం ఉండదు. ఆ నర్సు అడిగే ప్రశ్నకు కూడా ఒక గడి కావాలి.

ఆ గడి ఉండాలని సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు తోచదు, తోచాలని కోరడం న్యాయమూ కాదు. ఇప్పటి పద్ధతిలో ఇంజినీరు నిలువు గడులు గీస్తాడు, నిపుణుడు అడ్డ వరుసలు నింపుతాడు. గడులు గీసే రోజునే ఆ నర్సును, ఆ వైద్యుణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. పది నిజమైన కేసులు చేత్తో కాగితం మీద రాయించి, ఆ తర్వాతే టెంప్లేటు గీయాలి. ప్రతి షీటు చివర 'ఇందులో ఇమడనిది' అని ఇంకో ఖాళీ గడి ఉంచి, నెలకోసారి ఎవరో ఒకరు దాన్ని చదివి టెంప్లేటును సవరించాలి. ఆ చదివే మనిషికి జీతం కూడా ప్రాజెక్టు బడ్జెట్‌లోనే చూపాలి.