కిమేరా, ఆకాశతామర

లేని వస్తువు గురించి ఒక మాట చెబితే అది నిజమా, అబద్ధమా? 14వ శతాబ్దపు పారిస్ విశ్వవిద్యాలయంలో తర్కం చదువుకునే కుర్రవాళ్లకు ఇది గట్టి కసరత్తు. అక్కడ పాఠం చెప్పిన జాన్ బురిడాన్, సింహపు తల, మేక ఒళ్లు, పాము తోక ఉన్న కిమేరా అనే పుక్కిటి మృగాన్ని తీసుకుని ‘కిమేరా కిమేరాయే’ అన్న వాక్యాన్ని చర్చకు పెట్టాడు. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. ఆయన మాత్రం అబద్ధమనే తేల్చాడు. అవునని చెప్పే వాక్యం నిజం కావాలంటే ఉద్దేశ్యపదానికి చెందిన వస్తువు ఒకటైనా ఉండాలి. కాదని చెప్పే వాక్యానికి ఆ షరతు లేదు కాబట్టి ‘కిమేరా పరుగెత్తడం లేదు’ నిజమే. దీనికి బీజం అరిస్టాటిల్‌దే: సోక్రటీసే లేనప్పుడు ‘సోక్రటీస్ జబ్బుగా ఉన్నాడు’ అబద్ధం, ‘జబ్బుగా లేడు’ నిజం.

ఆ తీర్పు కన్నా అక్కడికి చేరిన పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. ముందు వాక్యం, తర్వాత అది నిజమనే వాదన, కాదనే వాదన, చివర గురువు సమాధానం. క్రియ కాలం మారితే లెక్కా మారుతుంది. ‘అరిస్టాటిల్ గుర్రం నడిచింది’ అంటే ఒకప్పటి గుర్రమూ లెక్కలోకి వస్తుంది. అది ఆనాడు ఉండి, నడిచి ఉంటే చాలు.

మన దగ్గర ఈ ప్రశ్న లేకపోలేదు. 17వ శతాబ్దపు తెలుగువాడు అన్నంభట్టు తన న్యాయశాస్త్ర గ్రంథం ‘తర్కసంగ్రహం’లో ఆకాశతామరను, అంటే ఆకాశంలో పూసే తామరను, చూపించాడు. తామర కనుక అది కూడా చెరువు తామరలా పరిమళిస్తుందని ఎవరైనా వాదిస్తే, పక్షమే, అంటే వాదన దేని గురించో ఆ వస్తువే, లేదు కాబట్టి ఆ హేతువు ఆశ్రయాసిద్ధం, అంటే నిలవడానికి ఆధారం లేనిది. పారిస్‌లో వాక్యం సత్యాసత్యాలు చూశారు, ఇక్కడ అనుమానం (హేతువుతో తేల్చే నిర్ణయం) నిలవడానికి చోటుందా అని చూశారు. అంతకుముందే న్యాయశాస్త్ర పండితుడు ఉదయనుడు, ‘కుందేటి కొమ్ము లేదు’ అన్న మాటను ‘కుందేలుకు కొమ్ము లేదు’ అని విప్పాడు. కుందేలూ ఉంది, కొమ్ము అనేదీ లోకంలో ఉంది. లేనిది ఆ రెంటి కలయిక. బురిడాన్ పరిష్కారం కన్నా ఇదే సున్నితమైనదని నా అభిప్రాయం.

శాస్త్రచర్చ జరిగే వాక్యార్థ సభల్లో పండితులు ఇప్పటికీ హోరాహోరీగా వాదిస్తారు. కొత్తగా చేరిన విద్యార్థికి మాత్రం ఆకాశతామర సాధారణంగా కంఠస్థం చేసి దాటిపోయే ఉదాహరణ. నిన్న పూసి ఇవాళ ఎండిపోయిన తామర సంగతేమిటని అతన్ని అడిగేవారు అరుదు.

అడగడానికి చోటు మాత్రం ఇప్పటికే ఉంది. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్ మొదటి పేపర్లో హేత్వాభాసాలు (ఆశ్రయాసిద్ధం లాంటి హేతుదోషాలు), అరిస్టాటిల్ సంప్రదాయపు వైరుధ్య చతురస్రం, వెన్ చిత్రాలు ఒకే యూనిట్‌లో ఉన్నాయి. చతురస్రం ప్రకారం ‘అందరూ’ నిజమైతే ‘కొందరు’ నిజమే. వెన్ చిత్రంలో అలా రాదు; ‘అందరూ’ అన్నప్పుడు ఒక గడి ఖాళీ అని నల్లగా నింపుతామే తప్ప మరో గడిలో ఎవరైనా ఉన్నారని గుర్తు పెట్టం. పక్కపక్కనే ఉన్న ఈ రెండూ ఎందుకు పొసగవో తెలియాలంటే ఉద్దేశ్యం ఖాళీ కావచ్చన్న సంగతి ఎత్తాల్సిందే.

ఆ సంగతి ఎత్తడానికి కొత్త సిలబస్ అక్కర్లేదు. ‘ఈ వీధిలో చెత్త వేసినవాళ్లందరికీ జరిమానా పడింది’ అని బోర్డు మీద రాసి, ఇంతవరకు ఎవరూ వేయలేదని చెప్పాలి. బురిడాన్ లెక్కన అది అబద్ధం, వెన్ చిత్రం ప్రకారం నిజం, ఆ వాక్యం మీద అనుమానం కట్టబోతే అన్నంభట్టు పక్షమేదని అడుగుతాడు. తరగతిని మూడు జట్లు చేసి గంటసేపు వాదించుకోనివ్వాలి, తర్వాతే పుస్తకం తెరవాలి.