కేసెట్టు మింగే పెట్టె

అటక మీద పాత వి.సి.ఆర్. దొరికింది, పనిచేస్తుందా? ఈ మధ్య కుర్రకారు తరచు వేస్తున్న ప్రశ్న యిది. కొందరు అటక దాకా కూడా ఆగటం లేదు. హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్ల మధ్య కనిపించిందని బేరమాడి మరీ పట్టుకొస్తున్నారు. సరదా బాగానే వుంది. 2016 జూలైలో జపాను ఫునాయ్ కంపెనీ తయారీ మానేశాక కొత్త వి.సి.ఆర్. అన్నది పుట్టనే లేదు. కనుక దొరికేదల్లా సెకండ్ హ్యాండు, లేదా థర్డ్ హ్యాండు!

ఇంతకీ ఆ పెట్టె ఇంటికి రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని యేమిటో తెలుసా? బీరువాలో దాచిన అమ్మానాన్నల పెళ్ళి కేసెట్టు తీసి లోపలికి తోసెయ్యటం. బాబ్బాబు, ఆ పని మాత్రం చెయ్యకండి! ఆ పెళ్ళికి రెండో కాపీ లేదు. పందిట్లో తిరుగుతూ అందర్నీ కేకలేసిన తాతయ్య ఇవాళ లేడు. ఆయన గొంతు వున్నది ఆ టేపు మీద ఒక్కచోటే. ఇరవై యేళ్ళు కదలకుండా పడివున్న మెషీన్‌కి దాన్ని తొలిముద్దగా పెడతారా? ముందు పోయినా యేడవక్కర్లేని ఒక డబ్బింగ్ సినిమా కేసెట్టు సంపాదించండి. పది నిమిషాలు ఆడించి, రివైండు చేసి, బయటికి తీసి, మూత ఎత్తి టేపు అంచులు చూడండి. నలిగివున్నా, ముడతలు పడినా రోగం మెషీన్‌లో వున్నదన్నమాట. సంతలో కొనేటప్పుడు కూడా ఇదే పరీక్ష. ఆడించి చూపించనంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

లోపల జరిగేది తెలిస్తే రోగం పట్టుకోవటం సులువు. వి.హెచ్.ఎస్. టేపు వెడల్పు అరంగుళం. మన దేశపు పాల్ పద్ధతిలో అది సెకనుకి రెండున్నర సెంటీమీటర్ల లోపే కదులుతుంది, నత్తనడక! కాని దాన్ని చుట్టుకున్న డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు గిర్రున తిరుగుతుంది. దాని అంచున వున్న రెండు బుల్లి హెడ్డులే బొమ్మని చదివేది. మామూలు మెషీన్లలో శబ్దం మాత్రం టేపు పై అంచున, కదలకుండా నిలబడిన వేరే హెడ్డు చదువుతుంది. అందుకే హీరో మాటలు ఖంగున వినిపిస్తూ తెర మీద మంచు కురుస్తూంటే డ్రమ్ము మీది హెడ్డులకు మురికి పట్టిందని అనుమానించాలి. బొమ్మ బావుండి గొంతు సాగుతూ, వణుకుతూ వస్తే టేపుని లాగే రబ్బరు రోలరుని చూడాలి. తెర మీద అడ్డంగా చారలు నడుస్తూంటే ముందు ట్రాకింగ్ మీట తిప్పండి. ఒక మెషీన్‌లో రికార్డయిన టేపు ఇంకో మెషీన్‌లో అలా రావటం మామూలే.

అన్నింటికంటె ఎక్కువగా వచ్చే జబ్బు ఇంకోటి వుంది. ప్లే నొక్కగానే ఆడటం మొదలుపెట్టి, నాలుగైదు సెకన్లలో టక్కున ఆగిపోతుంది. కేసెట్టు తీయబోతే టేపు పేగుల్లా బయట వేలాడుతుంది! "మా వి.సి.ఆర్. కేసెట్టు మింగేసింది" అని వెనకటికి వీధంతా గగ్గోలెత్తేది దీని గురించే. చాలాసార్లు కారణం చిన్నది. చుట్టుకునే రీలుని తిప్పే ఐడ్లర్ చక్రం మీద చిన్న రబ్బరు టైరు వుంటుంది. యేళ్ళ తరబడి అది గట్టిపడి, నున్నబడి జారిపోతుంది. రీలు తిరగటం లేదని మెషీన్ కనిపెట్టి తనంతట తాను ఆగుతుంది, పాపం దాని తప్పేం లేదు. ఆ టైరు తీసి తిరగేసి తొడిగితే కొన్నాళ్ళు నడుస్తుంది. కొత్తది దొరికితే మరీ మంచిది. కేసెట్టు లోపలికి పోక, బయటికి రాక మొరాయిస్తే సాగిపోయిన బెల్టు కావచ్చు. అప్పుడు పట్టకారుతో లాగకండి. ప్లగ్గు పీకి, మూత తీసి, లోడింగ్ మోటారు కప్పీని వేలితో నెమ్మదిగా తిప్పితే టేపు తిరిగి గూటికి చేరుతుంది.

హెడ్డు తుడవటం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎక్కువమంది మెషీన్ని చంపేది ఇక్కడే. కొత్త రూపాయి నోటు పెట్టి తుడిచే పెద్దమనుషులు ఒకప్పుడు వుండేవారు. అగరుబత్తి పుల్లకి దూది చుట్టేవారూ వుండేవారు. దూది పోగు హెడ్డుకి తగులుకుంటే సన్నటి కొస విరిగిపోతుంది, అంతటితో సరి. మందుల షాపులో ఐసోప్రోపైల్ ఆల్కహాల్ అడగండి. శుభ్రమైన తెల్ల కాగితం ముక్కని అందులో తడిపి, డ్రమ్ముకి మెత్తగా ఆనించి, రెండో చేత్తో డ్రమ్ము పైభాగాన్ని పట్టుకుని మెల్లగా తిప్పండి. కాగితం కదలకూడదు, డ్రమ్మే తిరగాలి. కిందికీ మీదికీ మాత్రం రుద్దొద్దు! పూర్తిగా ఆరాకే కేసెట్టు పెట్టండి. ఈ ఆల్కహాల్ రబ్బరుకి పడదు, దాన్ని ఎండగొడుతుంది. రోలర్లకి సబ్బునీటిలో పిండిన గుడ్డ చాలు.

ఇంకో మాట. గడియారం అంకెలు వెలుగుతూ మరేదీ పనిచెయ్యకపోతే, కాలిన వాసన వస్తే, అది పవర్ సప్లయి జబ్బు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచివుంటుంది. అక్కడ మన వేళ్ళు పెట్టకూడదు, పాత రేడియో మెకానిక్ని వెతకండి. అమెరికా నుంచి మామయ్య తెచ్చిన మెషీన్ అయితే వెనక వున్న వోల్టేజి చదవకుండా మన గోడకి తగిలించకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230! ఆయన పంపిన కేసెట్లు కూడా ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి. మన పాల్ మెషీన్‌లో బొమ్మ దొర్లుతుంది, లేదా రంగులు పోతాయి. తప్పు టేపుది కాదు.

1982 ఆసియా క్రీడలతో కలర్ టి.వి. వచ్చినప్పటినుంచీ మన వూళ్ళలో ఈ పెట్టె చేసిన హంగామా ఇప్పటి మీకు చెబితే నవ్వుతారు. టి.వి., వి.సి.ఆర్. రెండూ ఒక రాత్రికి అద్దెకి తెచ్చి, అరుగు మీద పెట్టి, తెల్లారేదాకా మూడు సినిమాలు! వీడియో కోచ్ బస్సులో సగం సినిమా చూసి దిగిపోయినవాళ్ళు క్లైమాక్స్ కోసం మళ్ళీ డబ్బులు పెట్టేవారు. మూడు గంటల ఇ-180 కేసెట్టులో మన సినిమా పాటలతో సహా సరిపోయేది. ఆ అద్దె కేసెట్లు కాపీకి కాపీ, దానికి మరో కాపీ. హీరోయిన్ చీర రంగు యేమిటో ప్రేక్షకుడే వూహించుకోవాలి. అలాంటి టేపు ఇవాళ దొరికి బొమ్మ మసకగా వస్తే మెషీన్ని తిట్టకండి.

పెళ్ళి కేసెట్టు దగ్గరికి వద్దాం. ముందు కిటికీలోంచి రీళ్ళు చూడండి. తెల్లటి పొడిలా కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తేమ వూళ్ళలో ఇది మామూలు. ఆ టేపు ఆడిస్తే బూజు డ్రమ్ముకి అంటి, అక్కణ్ణించి తరవాతి కేసెట్లకి పాకుతుంది. దాన్ని వేరే సంచీలో పెట్టి, టేపులు శుభ్రం చేసేవాళ్ళకి అప్పగించండి. బూజు లేకపోతే, పరీక్షలో నెగ్గిన మెషీన్‌లో చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్ళీ రివైండు చెయ్యండి. అతుక్కున్న పొరలు విడిపోతాయి. డబ్బా పగిలివుంటే అయిదు స్క్రూలు విప్పి రీళ్ళని మంచి డబ్బాలోకి మార్చవచ్చు. టేపు తెగితే మామూలు సెల్లోటేపు వద్దు, దాని జిగురు హెడ్డుకి అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేపుతో, అదీ వెనకవైపు మాత్రమే అతకాలి.

తరవాత ఆడించేది ఒక్కసారే, కాపీ తీసుకుంటూ. కేప్చర్ పరికరం ద్వారా కంప్యూటర్‌కి తగిలించండి. మూడు గంటల కేసెట్టుకి మూడు గంటలూ పడుతుంది, దగ్గర దారి లేదు. కొత్త ఫ్లాట్ టి.వి.లో బొమ్మ పైభాగం వంగినా, తెర మాటిమాటికీ నీలంగా మారినా కంగారుపడొద్దు. పాత టేపు ఇచ్చే వణికే సిగ్నల్ ఆ టి.వి.లకి నచ్చదు. పక్కింట్లో పాత డబ్బా టి.వి. వుంటే అందులో చూసి పోల్చుకోండి. రికార్డవుతున్నంతసేపూ దగ్గరే కూర్చుని చెవి పెట్టి వినండి. కీచుమన్నా, వేగం మారినా వెంటనే స్టాప్!

అన్నట్టు, కేసెట్టు లోపలికి పంపేముందు దాని వెన్ను మీద ఎడమ పక్కన చిన్న ప్లాస్టిక్ పలక వుంటుంది. స్క్రూడ్రైవరుతో దాన్ని విరిచెయ్యండి, ఇక ఆ టేపు మీద కొత్తగా యేదీ రికార్డు కాదు. చాలా మెషీన్లలో రికార్డు బటను ప్లే బటను పక్కనే వుంటుంది.