అనంతపురంలో ఫొటో ప్రింటరా? ముందు గ్రే ఇంక్ ఉందేమో చూడండి

గుత్తి కోట బండల్ని బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీస్తే గులాబీగానో, ఆకుపచ్చగానో తేలుతోందా? తప్పు మీ ఫొటోది కాకపోవచ్చు. గ్రే ఇంక్ లేని ప్రింటర్ బూడిద ఛాయల్ని ఎక్కువగా కలర్ ఇంకులు కలిపే తెస్తుంది. పాళ్లు కాస్త తప్పితే చాలు, రంగు బయటపడుతుంది. ఎప్సన్ ఎల్8050లో ఆరు ఇంకులున్నా గ్రే లేదు. లైట్ సయాన్, లైట్ మెజెంటా ఉన్నాయి. ముఖాలకి, ఆకాశానికి భేష్. కెనాన్ జీ570లో గ్రే ఉంది. రెండూ కావాలంటే నా ఓటు దానికే.

అయితే మన ఎండలకి బోర్లే కాదు, నాజిళ్లూ ఎండుతాయి! వారానికో కలర్ ఫొటో తీయండి. ప్లగ్ పీకకుండా పవర్ బటన్‌తోనే ఆపండి, అప్పుడే హెడ్‌కి మూత పడుతుంది. అంత ఓపిక లేదంటారా? సెల్ఫీ సీపీ1500 ఉంది. దాంట్లో ద్రవ ఇంకే ఉండదు, రిబ్బన్ వేడికి రంగు కాగితానికెక్కుతుంది. కాకపోతే పోస్ట్‌కార్డ్ సైజు దాటదు.